గోడ రంగును గోడ మీదే చూసుకోవాలి

సంపాదకులకు నమస్కారం.

మీ ఆదివారం పేజీల్లో వచ్చిన ఇంటి రంగుల వ్యాసం చదివి ఈ ఉత్తరం రాస్తున్నాను. రెండు గదుల ఫొటోలు పక్కపక్కన వేశారు. ఒకదానికి గంధం రంగు, ఇంకొకదానికి లేత ఇటుక రంగు. ఉత్తరం వైపు కిటికీ ఉన్న గదికి ఇలాంటి వెచ్చని రంగులే బాగుంటాయని, ఈ రెండింటిలో నచ్చింది ఎంచుకోమని రాశారు. వ్యాసం చదవడానికి హాయిగా ఉంది. కానీ వానలు తగ్గుముఖం పట్టాయి, దసరా దగ్గరికొస్తోంది. ఆ పేజీ చింపి చేతిలో పట్టుకొని పెయింట్ షాపుకు వెళ్లేవాళ్లు మా మహబూబ్‌నగర్‌లోనే ఎంతోమంది ఉంటారు. ఫొటో చూసి కొన్న రంగు గోడ మీద వేరేగా తేలితే వాళ్లు చేసేదేమీ ఉండదు. మెషిన్‌లో కలిపిన రంగును ఏ షాపులోనూ వాపసు తీసుకోరు. వాళ్లకోసమే ఈ నాలుగు మాటలు వేయమని అడుగుతున్నాను.

నేను మా ఊళ్లో మ్యాచింగ్ సెంటర్ నడుపుతాను. చీరకు తగిన బ్లౌజు ముక్క, ఫాల్, లైనింగ్ వెతికి ఇవ్వడం నా పని. గద్వాల చీరలు, నారాయణపేట చీరలు ఎక్కువగా వస్తాయి. గద్వాల చీర ఒళ్లంతా నూలు, అంచూ కొంగూ పట్టు. ఒకే ఎరుపు అద్దకం నూలు మీద ఒక తీరుగా, పట్టు మీద ఇంకో తీరుగా కనిపిస్తుంది. కాబట్టి మాకు పేరుతో పని జరగదు. ఉల్లిపొర రంగు కావాలని ఒకరంటారు, ఆవ రంగని ఇంకొకరంటారు, ఆ పేరుతో మా దగ్గర పది రకాల ముక్కలుంటాయి. చీరను బల్ల మీద పరిచి, ముక్కను అంచుకు ఆనించి, రెండూ పట్టుకొని గడప బయటికి వెళ్లి వెలుతురులో చూస్తాం. ట్యూబ్‌లైట్ కింద అచ్చంగా కలిసిన రెండు బట్టలు ఎండలో విడిపోవడం మాకు రోజూ ఉండేదే. రెండు అద్దకాల్లో వాడిన రసాయనాలు వేరైతే అలా జరుగుతుంది. ఒక వెలుతురులో రెండూ ఒకటే అనిపిస్తాయి, వెలుతురు మారితే తేడా బయటపడుతుంది.

రెండు మూడు వేల చీర కొనేటప్పుడు ఇంత జాగ్రత్త పడే మనం, ఏళ్ల తరబడి కళ్లముందు ఉండే గోడకు మాత్రం తపాలా బిళ్లంత కాగితం ముక్క చూసి రంగు ఖాయం చేస్తున్నాం. అదీ షాపులో, తెల్లని ట్యూబ్‌లైట్ల కింద.

మొదట పత్రికలో అచ్చయిన ఫొటో సంగతి. ఇది మీకు నాకంటే బాగా తెలుసు. పత్రిక రంగులు నాలుగే సిరాలతో అచ్చవుతాయి: నీలం, గులాబి, పసుపు, నలుపు. న్యూస్‌ప్రింట్ కాగితం తెల్లగా ఉండదు, కొంచెం బూడిద, కొంచెం పసుపు కలిసి ఉంటుంది. లేత గంధం రంగు గోడను అచ్చు వేస్తే అందులో సిరా కొద్దిగా, కాగితం సొంత రంగు ఎక్కువగా కనిపిస్తుంది. మా ఇంటికి వచ్చిన కాపీలో ఆ ఇటుక రంగు గది గోధుమ వైపు ఉంది, షాపుకు వచ్చిన కాపీలో గులాబి వైపు ఉంది. రెండూ అదే రోజు పత్రికలు. ఫోన్‌లో చూస్తే మూడో తీరు. ఇందులో ఏది చూపించి షాపువాళ్లను రంగు కలపమనాలి?

ఇక ఉత్తరం గది. ఉత్తరపు గది చల్లగా, మసకగా ఉంటుంది కాబట్టి వెచ్చని రంగు వేయాలనే సలహా చలి దేశాల నుంచి వచ్చింది. అక్కడ మధ్యాహ్నపు సూర్యుడు ఏడాది పొడవునా దక్షిణం వైపే ఉంటాడు. మహబూబ్‌నగర్ దాదాపు 17 డిగ్రీల అక్షాంశం మీద ఉంది. మే రెండో వారం నుంచి ఆగస్టు మొదటి వారం దాకా మనకు సూర్యుడు పొద్దంతా ఉత్తరం వైపే తిరుగుతాడు. ఉదయం, సాయంత్రం ఏటవాలు ఎండ ఉత్తరపు కిటికీలోంచి నేరుగా లోపల పడుతుంది. ఎండలు నలభై డిగ్రీలు దాటే రోజులు కొన్ని కూడా అప్పుడే. అదే గదికి డిసెంబరులో ఎండ పొడ తగలదు, ఆకాశం నుంచి వచ్చే నీలపు వెలుతురే దిక్కు. అంటే మన ఉత్తరపు గదికి ఏడాదిలో రెండు ముఖాలున్నాయి. ఈ ముక్క వ్యాసంలో ఒక్క వాక్యంగా ఉన్నా ఎంతో మేలు జరిగేది.

మా ఇంట్లో ముందు గదికి రంగు వేయించాల్సి వచ్చినప్పుడు మేం కూడా సరిగ్గా ఈ రెండు రంగుల మధ్యే ఆగాం. మా ఆయనకు గంధం రంగు మీద మనసు. నాకు లేత ఇటుక రంగు ఇష్టం. గది వివరం చెప్తేనే మిగతాది అర్థమవుతుంది. కిటికీ ఉత్తరానికి, తలుపు తూర్పుకు. నేల షాబాద్ బండలు, బూడిద నీలం. కిటికీ ఎదురుగా, సందు అవతల ఉన్న ఇంటికి బయట చిలకపచ్చ రంగు కొట్టారు. పైకప్పు తెలుపు. దీపం ఒక పొడుగు ఎల్ఈడీ ట్యూబ్.

మాకు రంగు వేసే తమ్ముడు ముందే నిక్కచ్చిగా చెప్పాడు: "అక్కా, ఏ రంగు చెప్తే ఆ రంగు ఏస్తా. ఏసినంక మార్చమంటే నాకు కూలి పడదు, మీకు పైసలు దండగ." న్యాయమైన మాట. అందుకని రెండు రంగులూ నమూనాకు చిన్న డబ్బాల్లో ఇమ్మని షాపులో అడిగాను. మొదటి షాపులో లీటరు కంటే తక్కువ ఇవ్వమన్నారు. రెండో షాపులో దొరికాయి. కొన్ని కంపెనీలు నమూనా డబ్బాలు అమ్ముతున్నాయి కానీ అడిగితే తప్ప చూపించడం లేదు.

తమ్ముడు గోడ మీదే రెండు మూలలకు రెండు పట్టీలు కొడతానన్నాడు. నేను వద్దన్నాను. పాత గోడకు లేత నీలం ఉండేది. నీలం పక్కన ఏ వెచ్చని రంగు పెట్టినా ఉన్నదానికంటే ఎర్రగా, పసుపుగా కనిపిస్తుంది. మా పనిలో ఇది మొదటి పాఠం. నెమలికంఠం చీర మీద పెడితే మామూలు పసుపు ముక్క కూడా మండిపోతున్నట్టు ఉంటుంది. దీని వెనక ఒక పాత కథ చదివాను. ఫ్రాన్స్‌లో గోబెలిన్ అనే నేత కార్ఖానాలో అద్దకాల విభాగానికి మిషెల్ షెవ్రెల్ అనే రసాయన శాస్త్రవేత్త పెద్దగా ఉండేవాడు. నల్ల దారం వెలిసినట్టు ఉందని నేతగాళ్లు ఫిర్యాదు చేశారు. ఆయన పరీక్షించి చూస్తే నలుపు అద్దకంలో ఏ లోపమూ లేదు. పక్కన నేసిన రంగుల వల్ల అలా కనిపిస్తోందంతే. దాని మీద ఏళ్ల తరబడి పనిచేసి 1839లో తన సూత్రాలు ప్రచురించాడు. మన నేతన్నలు ఏ పుస్తకమూ లేకుండానే అంచు రంగునూ ఒంటి రంగునూ ఆ లెక్కతోనే కూర్చుతారు.

కాబట్టి మేం రెండు పెద్ద అట్టలు తీసుకున్నాం, వార్తాపత్రిక తెరిచి పరిచినంత వెడల్పువి. ముందు తెల్ల ప్రైమర్, అది ఆరాక రంగు రెండు కోట్లు. ఒక్క కోటు చూసి నిర్ణయించకూడదు, కింది తెలుపు తొంగి చూస్తుంది. తడి మీద కూడా నిర్ణయించకూడదు. ఎమల్షన్ తడిగా ఉన్నప్పుడు పాలు కలిపినట్టు లేతగా ఉండి, ఆరాక ముదురుతుంది. గంధం రంగులో ఆ తేడా తక్కువే కానీ ఇటుక రంగులో బాగా కనిపించింది. డబ్బా మూత తీసి చూసి "ఇదేంటి, ఇంత లేతగా ఇచ్చారు" అని షాపువాళ్లతో గొడవ పెట్టుకునేవాళ్లు ఒక రాత్రి ఆగితే చాలు.

అట్టలను పక్కపక్కన పెట్టకుండా ఒకటి తీశాక ఇంకొకటి పెట్టాం. చుట్టూ ఉన్న పాత నీలం కంటికి తగలకుండా వెనక తెల్ల దుప్పటి కట్టాం. కిటికీ పక్క గోడ, కిటికీ ఎదుటి గోడ, తలుపు వెనక మూల, అన్ని చోట్లా మార్చి చూశాం. పొద్దునా మధ్యాహ్నం సాయంత్రం రాత్రి, ఎవరు ఇంట్లో ఉంటే వాళ్లు చూసి చెప్పేవాళ్లు.

పొద్దున తలుపులోంచి వెలుతురు వచ్చేటప్పుడు గంధం రంగు ఎంత బాగుందో చెప్పలేను. ముఖాలకు కూడా ఒక కళ వచ్చింది. మా ఆయన అప్పుడే ఖాయం చేద్దామన్నాడు. కానీ పది గంటలు దాటి ఎదురింటి గోడ మీద ఎండ పడగానే ఆ చిలకపచ్చ మా కిటికీలోంచి లోపలికి వచ్చింది. గంధంలో ఉండేది పసుపు. దాని మీద కాస్త ఆకుపచ్చ వెలుతురు పడితే చాలు, ముదిరిన నిమ్మకాయ వైపు పోతుంది. కిటికీ ఎదుటి గోడ మీద పెట్టిన అట్ట మధ్యాహ్నం దాకా అలాగే ఉంది. కింద షాబాద్ బండల బూడిద నీలం కూడా దానికి తోడైంది. గోడ అడుగు భాగం మీద నేల రంగు పడుతుందనేది చాలామంది గమనించరు. ఎర్ర గచ్చు ఉన్న పాత ఇళ్లలో తెల్ల గోడ కూడా కిందికి వచ్చేసరికి కొంచెం ఎర్రబడి ఉంటుంది.

ఇటుక రంగు అట్ట అదే చోట, అదే గంటలో నిలబడింది. ఎరుపు ఆకుపచ్చకు ఎదురు రంగు. పచ్చ వెలుతురు పడినప్పుడు దాని జోరు కాస్త తగ్గి మట్టి రంగుగా మారింది, అంతేకానీ పాడవలేదు. పైగా ఆ గోడ కింద బండలు శుభ్రంగా, కొంచెం నీలంగా కనిపించాయి. ఏళ్లుగా ఆ బండలు మాసిపోయాయని అనుకుంటున్నాం.

అయితే మునిమాపున కథ మారింది. దీపాలు వేయకముందు, వెలుతురు సన్నగిల్లే వేళ ఇటుక రంగు అట్ట ముందుగా నల్లబడింది. గంధం రంగు ఇంకా కొంతసేపు కనిపిస్తూనే ఉంది. ఇది మన కంటి తీరు. వెలుతురు తగ్గుతున్నకొద్దీ కన్ను ఎరుపును ముందు పోగొట్టుకుంటుంది, నీలాన్ని చివరిదాకా పట్టుకుంటుంది. 19వ శతాబ్దంలో యాన్ పుర్కిన్యే అనే చెక్ శాస్త్రవేత్త దీన్ని గమనించి రాశాడు, అందుకే ఆయన పేరే దీనికి పెట్టారు. సాయంత్రం దీపం పెట్టడం ఆలస్యమయ్యే ఇళ్లలో, కరెంటు పోయే ఊళ్లలో, ఎరుపు కలిసిన రంగు వేస్తే గది తొందరగా చీకటి పడినట్టు ఉంటుంది. ముసలివాళ్లు ఉండే గదికి ఇది చిన్న విషయం కాదు.

మా అత్తమ్మకు ఒక కంటికి కేటరాక్ట్ ఆపరేషన్ అయ్యింది, రెండోది ఇంకా కాలేదు. వయసు మీద పడ్డకొద్దీ కంటి లోపలి కటకం పసుపు పడుతుంది. ఆపరేషన్ చేసి కొత్తది పెట్టాక తెలుపు తెల్లగా, కొంచెం నీలంగా కనిపిస్తుంది. అత్తమ్మ ఒక కన్ను మూసి అట్ట చూసింది, తర్వాత ఇంకో కన్ను మూసి చూసింది. "ఒక కంటికి గంధం లెక్కనే ఉన్నది బిడ్డా, ఇంకో కంటికి ఉత్త సున్నం లెక్కన ఉన్నది" అంది. పాత కంటికి పైకప్పు తెలుపూ గోడ గంధమూ ఒకటైపోయాయి. ఇటుక రంగు మాత్రం రెండు కళ్లకూ గోడే అని తెలిసింది, తలుపు చట్రం కూడా దాని మీద విడిగా కనిపించింది. పెద్దవాళ్లు ఉన్న ఇంట్లో గోడకూ తలుపుకూ, గోడకూ స్విచ్ బోర్డుకూ తేడా తెలియాలి. ఇంటి రంగుల గురించి రాసేవాళ్లెవరూ ఈ మాట రాయగా నేను చూడలేదు. మీరు రాయించండి.

రాత్రి దీపాల సంగతి ఇంకా ముఖ్యం, ఎందుకంటే పని నుంచి వచ్చినవాళ్లు ఆ గదిని చూసేది రాత్రే. బల్బు డబ్బా మీద 6500కె అని ఉంటే తెల్లని, నీలం వైపు వెలుతురు. 2700కె, 3000కె అంటే పాత గుండ్రని బల్బు లాంటి పసుపు వెలుతురు. మన ఇళ్లలో ఎక్కువగా ఉండేది 6500కె. గదికి వెచ్చని రంగు వేసి, పైన 6500కె ట్యూబ్ పెడితే ఒకదాని పని ఇంకొకటి చెడగొడుతుంది. ఆ దీపం కింద మా గంధం రంగు అట్ట పాలిపోయింది. ఇటుక రంగు దుమ్ము పట్టినట్టు అయ్యింది. 3000కె పెట్టి చూస్తే ఇటుక రంగు బాగా పండింది. గంధం మాత్రం తెల్ల పైకప్పులో కలిసిపోయింది, ఎందుకంటే ఆ వెలుతురులో తెలుపు కూడా గంధంగానే ఉంటుంది. మధ్యలో 4000కె దీపాలు దొరుకుతాయి. మాకు అదే సరిపోయింది.

డబ్బా మీద సీఆర్ఐ అనే అంకె కూడా చూడండి. రంగులను ఎంత ఉన్నదున్నట్టు చూపిస్తుందో చెప్పే అంకె అది, నూటికి ఎంత దగ్గరగా ఉంటే అంత మంచిది. చవక ఎల్ఈడీల వెలుతురులో ఎరుపు పాలు తక్కువ. వాటి కింద ఇటుక రంగు, కుంకుమ రంగు, వక్క రంగు అన్నీ చచ్చిపోతాయి. మా షాపులో దీపాలు మార్చిన రోజు నుంచి బయటికి వెళ్లి చూడాల్సిన పని తగ్గింది.

ఇన్ని చూశాక ముందు గదికి ఇటుక రంగే వేశాం. అయితే కార్డులో మేం మొదట పెట్టుకున్న నంబరు కాదు, అదే వరుసలో దానికంటే రెండు మెట్లు లేతది. నాలుగు గోడలకూ ఒకే రంగు వేస్తే ఒక గోడ వెలుతురు ఇంకో గోడ మీద పడి, అది మళ్లీ మొదటి గోడ మీద పడి, రంగు అట్ట మీద ఉన్నదానికంటే చిక్కబడుతుంది. వెచ్చని రంగుల్లో ఇది బాగా తెలుస్తుంది. మునిమాపు చీకటి బాధ కూడా లేత రంగుతో తగ్గింది. కొన్ని షేడ్ కార్డుల వెనక ఎల్ఆర్‌వి అనే అంకె ఉంటుంది. పడిన వెలుతురులో ఎంత భాగం గోడ వెనక్కి ఇస్తుందో అది చెప్తుంది. 0 అంటే కటిక నలుపు, 100 అంటే పూర్తి తెలుపు. ఆ అంకె తక్కువయ్యేకొద్దీ దీపాలు ఎక్కువ కావాలి. షాపువాళ్లను అడిగి చెప్పించుకోండి.

గంధం రంగు కూడా వృథా పోలేదు. అత్తమ్మ పడుకునే గదికి పడమర కిటికీ. సాయంత్రపు ఎండ ముందే ఎర్రగా ఉంటుంది, దానికి ఇటుక రంగు తోడైతే కళ్లకు అలసట. ఆ గదిలో గంధం చక్కగా కుదిరింది. ఎదురింటి పచ్చ అక్కడికి రాదు, నేల కూడా తెల్ల టైల్స్. ఒకే ఇల్లు, ఒకే నెలలో కొన్న రంగులు, రెండు గదుల్లో రెండు ఫలితాలు. అందుకే ఈ రెండింటిలో ఏది మంచిదని ఎవరైనా అడిగితే మీ కిటికీ ఎటు ఉంది, నేల ఏమిటి, ఎదుట ఏముంది అని తిరిగి అడుగుతాను.

అత్తమ్మకు ఈ రెండు రంగులూ కొత్త కాదు. మక్తల్ వైపు వాళ్ల పుట్టింట్లో గోడ పైభాగానికి సున్నం, కింద అరుగుకూ గడప పక్కలకూ జాజు, అంటే ఎర్రమట్టి. పండగ వస్తే ఆడవాళ్లే పూసేవాళ్లు. జాజులో ఉండే ఎరుపు ఇనుము నుంచి వచ్చింది. పసుపు మట్టిలో ఉండే రంగూ ఇనుముదే. ఆ పసుపు మట్టిని కాలిస్తే లోపలి నీరు పోయి ఎర్రబడుతుంది. ఇప్పుడు మెషిన్‌లో కలిపే రంగుల్లో కూడా ఇనుప పసుపు, ఇనుప ఎరుపు ఉన్నాయి. ఇవి ఎండకు వెలవవు, సిమెంటులో, సున్నంలో ఉండే క్షారానికి చెడవు. గంధం, ఇటుక లాంటి మట్టి రంగులు ఏళ్ల తరబడి నిలవడానికి కారణం ఇదే. బాగా మెరిసే నారింజ, నిమ్మ పసుపు రంగులకు వేరే రసాయనాలు కావాలి, వాటిలో కొన్ని కిటికీ పక్క ఎండకు తొందరగా వెలిసిపోతాయి.

ఇక్కడ ఒక హెచ్చరిక తప్పకుండా వేయండి. పాత రోజుల్లో పసుపు, నారింజ, ఎరుపు ఆయిల్ పెయింట్లలో సీసం కలిసిన రంగుపొడి వాడేవారు. మన దేశంలో ఇంటి పెయింట్లలో సీసం 90 పీపీఎం (పది లక్షల్లో 90 పాళ్లు) మించకూడదని 2016లో నియమాలు వచ్చాయి, 2017 నవంబరు నుంచి అమల్లో ఉన్నాయి. కానీ అంతకుముందు వేసిన తలుపులు, కిటికీ చువ్వలు, నడుమెత్తు వరకు ఆయిల్ పెయింట్ కొట్టిన గోడలు మన ఊళ్లలో ఇంకా ఎన్నో ఉన్నాయి. కొత్త రంగు వేసే ముందు వాటిని గీకుతారు, ఎమెరీ కాగితంతో రుద్దుతారు. ఆ పొడి చిన్నపిల్లల మెదడుకు చేటు, కడుపుతో ఉన్నవాళ్లకు చేటు, రోజూ అదే పని చేసే పెయింటర్‌కు మరీ చేటు. పొడిగా రుద్దొద్దు, తడిపి రుద్దమనండి. పిల్లలను ఆ పూట బంధువులింటికి పంపండి. పెయింటర్‌కు మంచి మాస్కు కొనివ్వండి. రాలిన పొడిని చీపురుతో ఊడవకుండా తడిబట్టతో తీయండి. గంధమా ఇటుకా అని వారం రోజులు మాట్లాడుకునే మనం ఈ పొడి గురించి ఒక్క మాటా అనుకోం. నాకు ఇది చాలా బాధగా ఉంటుంది.

గోడ నెమ్ము గురించి కూడా. వానాకాలం పోయిన వెంటనే లప్పం పట్టించి రంగు వేసేస్తారు. గోడలో తేమ ఉంటే చౌడు తెల్లగా పొంగి రంగును పొరలుగా లేపేస్తుంది. గంధం మీద ఆ తెలుపు అంతగా కనిపించదు, ఇటుక రంగు మీద దూరం నుంచే తెలుస్తుంది. పైపు కారుతోందో, బయటి గోడ పగిలిందో ముందు చూపించి బాగు చేయించి, గోడ పూర్తిగా ఆరాకే పని పెట్టుకోవాలి. పండగకు ఇంకా టైం ఉందా లేదా అన్నది తర్వాత.

లోపలి గోడకు వేసే రంగుతో ఇల్లు చల్లబడదు, వేడెక్కదు. వెచ్చని రంగు వేస్తే ఎండాకాలం ఉక్కపోస్తుందని మా షాపుకు వచ్చినవాళ్లు భయపడుతుంటారు. వేడి ఎక్కువగా వచ్చేది పైకప్పు నుంచి. ఆ భయం ఉన్నవాళ్లు మిద్దె మీద తెల్ల పూత వేయించుకోవాలి. తెలంగాణ ప్రభుత్వం 2023లో కూల్ రూఫ్ విధానం తెచ్చింది కూడా ఇందుకే. మిద్దె మీద తెలుపు ఉంటే కింద గదిలో మనసుకు నచ్చిన రంగు వేసుకోవచ్చు.

పెయింటర్ తమ్ముళ్లకు తెలిసినదే అయినా ఇంటివాళ్ల కోసం రాస్తున్నాను. గదికి ఒకటి కంటే ఎక్కువ డబ్బాలు పడితే అన్నీ ఒకేసారి కలిపించండి, ఇంటికి తెచ్చాక పెద్ద బకెట్‌లో పోసి ఒకటిగా తిప్పించండి. డబ్బాకూ డబ్బాకూ మధ్య వెంట్రుకవాసి తేడా ఉన్నా గోడ మధ్యలో అతుకు కనిపిస్తుంది, ఇటుక రంగులో ఇంకా ఎక్కువ. షేడ్ పేరు కాకుండా నంబరు రాసి పెట్టుకోండి. కంపెనీ కంపెనీకి పేర్లు మారతాయి. మిగిలిన రంగును మూత బిగించి దాచితే మేకు కొట్టిన చోట, పిల్లలు గీసిన చోట పనికొస్తుంది. మెరుపు ఉన్న రంగు తుడవడానికి సులువే కానీ కిటికీ పక్క గోడకు వద్దు. పక్కవాటు వెలుతురులో లప్పం ఎగుడుదిగుళ్లన్నీ బయటపడతాయి.

పెయింట్ షాపుల యజమానులకు నా మనవి రెండే. నమూనా డబ్బాలు కౌంటర్ మీద కనిపించేలా పెట్టండి, దానికి డబ్బులు తీసుకోండి, మేం ఇస్తాం. షాపులో ఒక మూల 6500కె దీపం, ఇంకో మూల 3000కె దీపం పెట్టి, షేడ్ కార్డును రెండు చోట్లా చూసుకోనివ్వండి. పెద్ద ఖర్చు కాదు. మా మ్యాచింగ్ సెంటర్‌లో నేను అదే చేశాను.

మీకు మనవి ఏమిటంటే, ఇకమీదట గది ఫొటో వేసినప్పుడు దాని కింద నాలుగు ముక్కలు రాయించండి: కిటికీ ఏ దిక్కుకు ఉంది, ఫొటో ఏ వేళలో తీశారు, ఏ దీపం వెలుగుతోంది, నేల ఏమిటి. విదేశాల ఫొటో అయితే ఆ మాట కూడా రాయండి. వీలైతే మన జిల్లా ఇళ్ల ఫొటోలే వేయండి, షాబాద్ బండలు, తాండూరు బండలు, ఎర్ర గచ్చు ఉన్నవి. అలాంటి గదులు కావాలంటే మా గల్లీలోనే చూపిస్తాను, మీ ఫొటోగ్రాఫర్‌ను పంపండి. దసరాకు ముందు వచ్చే ఆదివారాల్లో ఒకదానిలో ఈ ఉత్తరం వేస్తే, కొనకముందే నలుగురి చేతికి అందుతుంది.

ఇట్లు
మ్యాచింగ్ సెంటర్ నడుపుకొనే ఒక పాఠకురాలు
మహబూబ్‌నగర్